బహుమతి రాని కథకు జవాబు చెప్పేదెవరు?

ఉగాది కథల పోటీ ఫలితాలు వచ్చిన వారం విజయవాడ, గుంటూరు సాహిత్య మిత్రుల వాట్సాప్ గ్రూపులు అభినందనలతో నిండిపోతాయి. విడిగా ఫోన్లలో మాత్రం ‘ఎవరికిస్తారో ముందే తెలుసులే’ అన్న మాట నడుస్తుంటుంది. అందులో నిజమెంతో బయటివాళ్లు తేల్చలేరు. ఎంపిక ఎలా జరిగిందో నిర్వాహకులు చెప్పరు కాబట్టి అనుమానం అలాగే ఉండిపోతుంది. పక్షపాతం కంటే ఈ మౌనమే రచయితలకు ఎక్కువ అన్యాయం చేస్తోందని నా నమ్మకం.

ఏ పోటీ ప్రకటనైనా చూడండి. కథ సొంతమనీ, అనువాదమో అనుకరణో కాదనీ, ఎక్కడా అచ్చు కాలేదనీ, మరెక్కడా పరిశీలనలో లేదనీ హామీపత్రం ఇవ్వాలి. న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం, ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు. షరతులన్నీ రచయితకే. ఫలానా తేదీ దాటితే కథను వేరేచోటికి పంపుకోవచ్చన్న ఒక్క ముక్క మాత్రం చాలా ప్రకటనల్లో కనపడదు.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక మిత్రురాలు మిరపకాయల తొడిమలు తీసే కూలి ఆడవాళ్ల మీద కథ రాశారు. సంక్రాంతి పోటీకి పంపితే ఎండలు ముదిరినా కబురు లేదు. ఫోన్ చేస్తే ‘పరిశీలనలో ఉందండీ’ అన్నారు. బహుమతి కథలు అప్పటికే అచ్చయ్యాయి. సాధారణ ప్రచురణకైనా తీసుకుంటారేమోనని ఆవిడ ఇంకోచోటికి పంపలేదు. ‘బాలేదని చెప్పినా ఈ టెన్షన్ ఉండేది కాదు’ అన్నారు.

ఫలితాలతో పాటు న్యాయనిర్ణేతల పేర్లు వేస్తారు, తిట్లూ వాళ్లకే పడతాయి. నిజానికి ఎక్కువ కథలు వాళ్ల దాకా వెళ్లకముందే రాలిపోతాయి. ఒక సంస్థ పోటీకి తొలి వడపోతలో నేనూ కూర్చున్నాను. టేబుల్ మీద బ్రౌన్ కవర్లు, మెయిల్లో వచ్చినవాటికి తీసిన ప్రింట్లు. అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే, రాత్రి భోజనాలయ్యాక చదివేవాళ్లం. వృద్ధాశ్రమంలో తల్లి, అమెరికాలో కొడుకు వరసగా వస్తుంటే, అదే వస్తువు మీద నిజంగా బాగా రాసిన కథ కూడా మొదటి పేజీకే పాతబడిపోతుంది. కట్టలో పైనుంటే గట్టెక్కేదే. అందుకే ఒకరు పక్కన పెట్టిన ప్రతి కథనూ మరొకరు చదవాలని నియమం పెట్టుకున్నాం. అలా వెనక్కి తెచ్చిన వాటిలో ఒకటి ఆఖరి జాబితా దాకా వెళ్లింది.

ఆ తర్వాత మార్కులు. ముగ్గురు న్యాయనిర్ణేతలు పదేసి మార్కులకు వేస్తారనుకుందాం. ఒక కథకు 9, 9, 3 వచ్చాయి. మొత్తం 21. ఇంకో కథకు 8, 7, 7, మొత్తం 22. ఇద్దరికి బాగా నచ్చి మూడోవారికి అసలు నచ్చని కథ, ఎవరికీ అభ్యంతరం లేని కథ చేతిలో ఓడిపోతుంది. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. కూడిక పద్ధతే అలాంటిది. కొత్త గొంతుతో రాసేవాళ్లకు ఇందులో ఎక్కువ దెబ్బ తగులుతుంది. మార్కుల్లో ఇంత తేడా వచ్చినప్పుడు న్యాయనిర్ణేతలు కూర్చుని ఆ కథ గురించి మాట్లాడుకోవాలి. ఒక్క సాయంత్రం చాలు.

పేరు తీసేసి పంపినా మన దగ్గర సాహిత్యవర్గం చిన్నది. యాసను బట్టి, వస్తువును బట్టి ఎవరి కథో పట్టేస్తారు. గురువు న్యాయనిర్ణేత, శిష్యుడు పోటీదారు అయ్యే సందర్భాలూ ఉంటాయి. తెలిసినవారి కథ అనిపిస్తే దాన్ని ఇంకొకరికి అప్పగించడం మర్యాద. కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారంతో పాటు జ్యూరీ సభ్యుల పేర్లూ ప్రకటిస్తుంది. ఇంగ్లిష్ నవలలకిచ్చే బుకర్ ప్రైజ్‌కు న్యాయనిర్ణేతలెవరో ముందే తెలుస్తుంది, తొలి వడపోతలో నిలిచినవాటి లాంగ్ లిస్టు, చివరిదాకా నిలిచినవాటి షార్ట్ లిస్టు కూడా వస్తాయి. మనవాళ్లు ఎన్ని కథలు వచ్చాయి, చివరి వడపోతకు ఏవి నిలిచాయి అన్నది ఒక అర పేజీలో వేస్తే చాలు. బహుమతి తప్పినా, చివరిదాకా వెళ్లామని తెలిసిన కొత్త రచయిత ఇంకో కథ రాస్తాడు.

హక్కుల విషయమూ చూసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, రచయిత సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఆ బదిలీ ఐదేళ్లకే అని లెక్క. ‘సర్వహక్కులూ మావే’ అన్న హామీపత్రం మీద చదవకుండా సంతకం పెట్టకండి.

తిరిగొచ్చిన కథ బాధిస్తుంది. ‘పట్టించుకోకు’ అనడం తేలికే గానీ, నెలల తరబడి రాత్రుళ్లు కూర్చుని రాసినవాళ్లకు ఆ మాట చెవికెక్కదు. కొన్నాళ్లు బాధపడటంలో తప్పు లేదు. అయితే కారణం చెప్పని తిరస్కారాన్ని చూసి కథను నరికేయడం మంచిది కాదు. ఎక్కడ బాలేదో ఎవరూ చెప్పనే లేదు కదా, ఏం నరుకుతాం? నమ్మకమున్న నలుగురికి చదివి వినిపించాలి. ఇద్దరు ఒకేచోట ఆగిపోతే అక్కడ చూసుకోవాలి.

బ్రాడీపేట మిత్రురాలు అదే చేశారు. ఒక ఆదివారం కథ చదివితే, కోల్డ్ స్టోరేజీ యజమాని ఉపన్యాసంలా మాట్లాడే చోట ఇద్దరు ఇబ్బంది పడ్డారు. ఆ మాటలు సగానికి తగ్గించారు. తొడిమలు తీసి తీసి మంటెత్తిన చేతులతో బిడ్డను ఎత్తుకోలేక తల్లి మోచేతులతో దగ్గరికి తీసుకునే ఘట్టం మాత్రం అక్షరం మార్చలేదు. ఇప్పుడు మరో పోటీకి పంపుతున్నారు. హామీపత్రం చివర ఈసారి సొంతంగా ఒక వాక్యం చేర్చారు: ‘మూడు నెలల్లో మీ నిర్ణయం తెలియకపోతే ఈ కథను వేరే పత్రికకు పంపుకుంటాను.’