చివరిసారి ఎప్పుడు తాగారు?

కార్తీకం వస్తే విశాఖలో ఏ వీధిలో చూసినా నల్లబట్టలే. గాజువాక, మల్కాపురం, ఫిషింగ్ హార్బర్ దగ్గరి బస్తీలు, అంతటా స్వాములే. ఏడాదంతా ఎవరి మాటా వినని మనిషి నలభై ఒక్క రోజులు మందు ముట్టడని ఇంట్లోవాళ్లు సంబరపడతారు. ఆ అయ్యప్ప దీక్ష అంటే నాకూ గౌరవమే. కానీ పొద్దున లేవగానే కాస్త పడితే తప్ప చెయ్యి నిలవని మనిషి, మాల పడిన రోజే ఒక్కసారిగా మానేస్తే ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు చాలా తక్కువ.

మద్యం ఏళ్ల తరబడి మెదడును నెమ్మదింపజేస్తుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. మందు ఆగగానే ఆ వేగానికి పగ్గం ఉండదు. ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి జ్వరం వస్తుంది, ఎక్కడున్నారో తెలియదు, లేని మనుషులు, పురుగులు కనిపిస్తాయి. వైద్యులు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. మన ఇళ్లలో మాత్రం గాలి సోకిందంటారు, ఎవరో ఏదో చేశారంటారు. మాలలో ఉన్నవాడైతే నియమం తప్పాడంటారు. అలా మంత్రాలకు, తాయెత్తులకు తిప్పుతూ పోగొట్టే గంటల్లోనే అతన్ని కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి చేర్చాలి.

అందుకే తాగుడు మానిపించే కౌన్సెలర్ అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎందుకు తాగుతున్నావు’ కాదు, ‘చివరిసారి ఎప్పుడు తాగారు’ అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ వెంటనే రోజుకి ఎంత, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని అడగాలి. ఒకసారి ఫిట్స్ వచ్చినవాడికి మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. మందులు రాయడం డాక్టర్ పని, నిజమే. కానీ డాక్టర్ దగ్గరికి ఎవరిని ఈ పూటే పంపాలో తేల్చేది చాలాచోట్ల కౌన్సెలరే. నీరసంగా ఉన్నాడని వీధి చివర క్లినిక్‌లో ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తారు. ముందు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇవ్వకపోతే తాగుడుతో చిక్కిపోయిన మనిషి మెదడు దెబ్బతినవచ్చు. ఈ సంగతి కౌన్సెలర్‌కి తెలిసుంటే, కనీసం ఆ ఇంటివాళ్లకు చెప్పగలరు.

ఇంకో మాట, ఇది ఆడవాళ్ల కోసం. భర్తకు తెలియకుండా అన్నంలోనో సాంబారులోనో కలిపే ‘మానిపించే మాత్ర’ ఉంది కదా, అది చాలాసార్లు డైసల్ఫిరామ్ అయ్యుంటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉంటే ప్రాణాల మీదికే వస్తుంది. మాత్ర ఆపినా ఆ ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు. మనిషి ఒప్పుకుని, డాక్టర్ పర్యవేక్షణలో వేసుకోవాల్సిన మందు అది. విసిగిపోయి అలా కలిపిన ఆ ఇల్లాలిని నేను తప్పుపట్టలేను. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

గంజాయి లెక్క వేరు. మన్యం పక్కనే ఉన్న ఊరు కాబట్టి కాలేజీ పిల్లల తల్లిదండ్రులు దీని గురించే ఎక్కువ టెన్షన్ పడతారు. గంజాయి మానితే చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం కొన్ని వారాలుంటాయి, ప్రాణభయం ఉండదు. కానీ కుర్రాడు ఎవరో తనను వెంటాడుతున్నారని, చెవిలో మాటలు వినబడుతున్నాయని అంటే అది సైకోసిస్, అంటే ఉన్నదేదో లేనిదేదో తెలియని మానసిక స్థితి, కావచ్చు. చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి పంపడానికి ‘జనం ఏమనుకుంటారో’ అని ఆగకూడదు. నల్లమందు జాతి మత్తుల్లో ప్రమాదం మానిన తర్వాత పొంచి ఉంటుంది. కొన్ని వారాలు దూరంగా ఉంటే ఒంటికి పాత తట్టుకునే శక్తి పోతుంది. పాత డోసే మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. డీ-అడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికి పంపే రోజు ఈ ముక్క చెప్పకపోతే ఆ చికిత్స సగమే.

ఇక మాట్లాడే తీరు. ‘పిల్లల మొహం చూడవయ్యా’ అని మొదలుపెడితే అవతలివాడు ‘నేనేం రోజూ తాగను మేడం’ అంటాడు. ఆ క్షణం నుంచి అతను తన తాగుడు తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు. ‘తాగని రోజు పొద్దున ఎలా ఉంటుంది బాబూ?’ అని అడిగి ఊరుకుంటే, మానాల్సిన కారణం అతని నోటి నుంచే వస్తుంది. అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో రాసిన ‘మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్’ పద్ధతికి మూలం ఇదే. వినడానికి చిన్న విషయం, చెయ్యడానికి నెలల సాధన.

2019లో కేంద్రం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. మిగతా 37 మంది సెంటర్ గడప తొక్కరు, గుడికి వస్తారు. మాల వేసే గురుస్వామి దగ్గర ఆ ఉదయం ఒక కౌన్సెలర్ కూర్చుని, కన్నె స్వామిని పక్కకు పిలిచి ఆ మూడు ప్రశ్నలూ అడిగితే చాలు. వణుకుతున్నవాడు ముందు ఆసుపత్రికి వెళ్లి, వారం తర్వాత మాల వేసుకోవచ్చు.