సైరన్ మోగితే పరిగెత్తకండి, రికార్డు చేసుకోండి

కూత విని ఫలానా పిట్ట అని చెప్పేవాళ్లను చూశాం. ఇంజన్ చప్పుడు విని బండి జబ్బు చెప్పే మెకానిక్కులు కర్నూలులో వీధికొకరున్నారు. మా బావమరిది వీళ్లందరినీ దాటిపోయాడు. ఎక్కడ సైరన్ మోగినా దాని కులగోత్రాలు చెబుతాడు. ఇది హాబీ అట. చికాగోలో ప్రతి నెలా మొదటి మంగళవారం పొద్దున పదింటికి సైరన్లను మోగించి చూస్తారు. ఆ వీడియోలు పెట్టుకుని మనవాడు కళ్లు మూసుకుని తలాడిస్తుంటాడు, త్యాగరాజ ఆరాధనలో కూర్చున్నట్టు.

సంగీతం లేదని కాదు. సైరన్ లోపల చిల్లుల డబ్బా, అందులో గిర్రున తిరిగే చక్రం. అది గాలిని ముక్కలు ముక్కలుగా కోస్తుంది, సెకనుకు ఎన్ని ముక్కలైతే అంత శ్రుతి. ఒక పక్క పది చిల్లులు, రెండో పక్క పన్నెండు ఉంటే షడ్జమూ సాధారణ గాంధారమూ ఒకేసారి పలుకుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్లు బాంబుల కింద విన్న కచేరీ అదే. 1952లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 180 గుర్రాల ఇంజన్‌తో ఒక సైరన్ చేసింది. మన ట్రాక్టర్లు నాలుగు కట్టి కూత పెట్టించినట్టు! ఇవన్నీ నాకెలా తెలుసంటారా? అన్నం తినేటప్పుడు పక్కన కూర్చునేది వాడే.

అది 2025 మే నెల. సరిహద్దులో దాడులు, ఊళ్లో టెన్షన్. రాత్రి పదకొండు దాటాక ఉన్నట్టుండి సైరన్. వీధంతా బయటికొచ్చింది. మా ఆవిడ అటక మీది సంచీ దించింది. పొలం పాస్‌బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు, రెండు జతల బట్టలు ఉన్న సంచీ అది. మా ఇంట్లో పదహారేళ్లుగా కట్టే ఉంటుంది. మా అమ్మ మెట్ల మీద నిలబడి ఒక్కటే ప్రశ్న, "నీళ్లొస్తాండాయా నాయనా?"

బావమరిది మేడ మీదున్నాడు. ఫోను ఆకాశానికి ఎత్తి, రెండో చేత్తో అందరినీ గమ్మునుండమని సైగ చేస్తున్నాడు.

"యాంది రా అది?" అన్నాను.

"ఉండు బావా, చిల్లులు లెక్కపెడతాండా."

"పారిపోవాల్నా, పడుకోవాల్నా? అది చెప్పు."

"అది నాకేం తెలుసు? రెండు స్వరాలుండాయి చూడు! పది, పన్నెండు! ఇది బ్రిటన్ మాల్ బావా, అస్సలు మన దేశంలో దొరకదు!"

పక్కింటి కుక్క మొరిగితే రికార్డింగ్ పాడైందని దాన్ని తిట్టాడు. అమ్మ మళ్లీ అడిగింది. "అత్తా, రెండు నిమిషాలు" అన్నాడు. చివరికి ఎదురింటాయన కరెంటు పోయింది. సైరన్ కూడా పోయింది. అది ఆయన టీవీ, అందులో న్యూస్ చానెల్.

న్యాయంగా చెప్పాలంటే వాడు చెప్పింది తప్పని నేననలేను. ఆ చానెల్ వాళ్లు ఏ దేశపు పాత రికార్డింగ్ ఎత్తుకొచ్చి మోగించారో! ఆ నెలలోనే కేంద్రం, కార్యక్రమాల్లో సైరన్ శబ్దాలు వాడొద్దు, జనానికి అసలు సైరన్ మీద పట్టింపు పోతుందని చానెళ్లకు చెప్పాల్సి వచ్చింది.

పట్టింపు ఎప్పుడుంది గనక? బుగ్గ కార్ల మీద బుగ్గలు 2017 మే 1 నుంచి పోయాయి, కూతలు మాత్రం ట్రాఫిక్‌లో మన వీపు వెనకే ఉన్నాయి. హెచ్చుతగ్గులుగా మోగితే ప్రమాదం, ఒకే తీరుగా మోగితే ప్రమాదం తప్పింది అని సివిల్ డిఫెన్స్ లెక్క. ఈ ఒక్క ముక్క మా వీధిలో ఒక్కరికీ తెలియదు. ఏ బడిలో చెప్పారు? మనకు అర్థం తెలిసిన సైరన్ ఒకటే, జనవరి 30న పదకొండుకు నిమిషం ముందు మోగేది. అదీ పోయినవాళ్ల కోసం.

2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకొచ్చాయి. మా వీధిలో నడుము లోతు నీళ్లొచ్చేదాకా ఏ కూతా వినబడలేదు. గేట్లు తెరిచేవాళ్లకు తెలుసు, లెక్కలు రాసుకునేవాళ్లకు తెలుసు, మాకు తెలియదు! 2021 నవంబర్ 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి ఊళ్ల మీద పడింది. పన్నెండేళ్లు గడిచాయి మధ్యలో! నది ఒడ్డున పడుకున్న మనిషిని లేపడానికి ఒక డబ్బా, ఒక మోటారు, ఒక మనిషి. అంతకు మించి ఏం అడిగాం? యాత్రలకు మైకులు దొరుకుతాయి, పెళ్లిళ్లకు డీజేలు దొరుకుతాయి, దీనికి మాత్రం చేతులు రావా?

మొన్న బావమరిది మా అమ్మ పక్కన చేరాడు, ఫోను సిద్ధంగా పట్టుకుని. "అత్తా, వరదనాడు ఏదన్నా మోగిందా? ఎట్ల మోగిందో గుర్తుందా?"

"యాల లేదు నాయనా. పాలాయప్ప సైకిలు పారేసి, 'లేయండి, నీళ్లొచ్చినాయి' అని సందు చివరిదాకా అరుస్తా పోయినాడు. అది యా దేశం మాలో నువ్వే చెప్పల్ల."