మడతపెట్టిన ముక్క, నిషిద్ధ కెచప్

మా పెద్దవాడు న్యూజెర్సీలో, చిన్నవాడు షికాగోలో ఉండడం వల్ల న్యూయార్క్, షికాగోల మధ్య నడిచే అమెరికా పిజ్జా తగాదాను ఇరుపక్షాల ఇళ్లలోనూ కూర్చుని పరిశీలించే భాగ్యం నాకు దక్కింది. మన నదీజలాల గొడవ దీని ముందు పిల్లలాట.

న్యూజెర్సీ పక్కనే న్యూయార్క్ కాబట్టి పెద్దవాడిది న్యూయార్క్ పక్షం. అక్కడి పిజ్జా పల్చన, ముక్క మాత్రం విస్తరాకంత. దాన్ని నిలువునా మడిచి, కొసన కారే నూనె చొక్కా మీద పడకుండా ముందుకు వంగి తినాలి. 2014 జనవరిలో, కుర్చీ ఎక్కి నెలైనా కాని మేయర్ బిల్ డి బ్లాజియో అదే ముక్కను ఫోర్కూ చాకూ పట్టుకుని తిన్నాడు. ఊరంతా గగ్గోలు! మా పూర్వీకుల ఇటలీలో ఇలాగే తింటారని పాపం మొరపెట్టుకున్నాడు. ఎవరు వింటారు?

షికాగోలో 1943లో పుట్టిన డీప్ డిష్ ఇంకో లోకం. లోతు పళ్లెం, అడుగున చీజ్, పైన టమాటా. ఫోర్కు లేకుండా తినమనండి చూద్దాం. నా కంటికి అది మూత పెట్టడం మరిచిన టమాటా పప్పు. చిన్నవాణ్ని చాటుగా అడిగితే, ఊళ్లోవాళ్లు మామూలుగా తినేది పల్చగా, చదరపు ముక్కలుగా కోసిన వేరే రకమట. ఇది చుట్టాలొస్తేనే!

ఇక హాట్ డాగ్, అంటే బన్నులో పెట్టిన మాంసం సాసేజ్. నేను శాకాహారిని కాబట్టి ఈ విషయంలో నాకు పక్షపాతం అంటగట్టలేరు. న్యూయార్క్ వాళ్లు పులిసిన క్యాబేజీ వేసి సరిపెడతారు. షికాగో వాళ్లు గసగసాల బన్నులో మస్టర్డ్, ఉల్లి, రెలిష్ అనే పచ్చరంగు పచ్చడి, దోసకాయ ఊరగాయ బద్ద, టమాటా ముక్కలు, పచ్చిమిర్చి, సెలరీ ఉప్పు అన్నీ దట్టిస్తారు. కెచప్ మాత్రం మహాపరాధం. టమాటా ముక్క ఆచారం, దాని రసం అనాచారం! పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు హాట్ డాగ్ మీద కెచప్ వేసుకోకూడదని అమెరికా జాతీయ హాట్ డాగ్, సాసేజ్ మండలి ఏకంగా మర్యాదల పట్టికలోనే రాసి పెట్టింది. మా మనవడికి తొమ్మిదేళ్లు కాబట్టి బతికిపోయాడు. వాడి కోసం నేను సీసా అందుకుంటే కొట్టువాడు ముందు నన్ను చూశాడు, తర్వాత నా తెల్లజుట్టు చూశాడు.

ఆ రాత్రి పెద్దవాడు వీడియో కాల్‌లో ఉండగా, అన్నదమ్ములు పిజ్జా మీద యథాప్రకారం వాదించుకుంటున్నారు. మా ఆవిడ నింపాదిగా డబ్బా తెరిచి, డీప్ డిష్ మీద రెండు చెంచాల కందిపొడి చల్లుకుంది.

"అమ్మా!" అని ఇద్దరూ ఒకే గొంతుతో అరిచారు.

"నెయ్యి ఎక్కడ పెట్టావురా?" అంది.