‘శరీర రాజకీయాలు మన పల్లెకెందుకు?’ అనే మెసేజ్‌కు జవాబు

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. స్త్రీవాదం, శరీర రాజకీయాల (ఆడవాళ్ల ఒంటి మీద పెత్తనం ఎవరిది అన్న ప్రశ్న) మీద జీవితమంతా పరిశోధన చేసే సోషియాలజిస్టులు ఏసీ గదుల్లో కూర్చుని విదేశీ సరుకు అమ్ముతారట. ఆడపిల్లల సంఖ్య తగ్గితే ఆడపిల్లలకే గిరాకీ పెరుగుతుందట. మన పల్లె ఆడవాళ్లకు ఈ చదువుతో పనే లేదట. చదివి ఊరుకోలేకపోయాను.

ఏసీ గదుల మాట అబద్ధం. మానవశాస్త్రం, స్త్రీల జీవితాల మీద పనిచేసిన పరిశోధకురాలు లీలా దూబే (1923–2012) గోండు స్త్రీల మధ్య తిరిగి పరిశోధన చేశారు. స్త్రీల స్థితిగతులపై 1974లో కేంద్రానికి నివేదిక ఇచ్చిన కమిటీలో సభ్యురాలు.

విదేశీ సరుకు అన్నదీ నిలవదు. మగవాడిది విత్తనం, ఆడది పొలం, పంట విత్తనం వేసినవాడిదే అనే ఆలోచన మన దేశంలో ఎంతగా పాతుకుపోయిందో, దాంతో తల్లికి బిడ్డ మీద హక్కు ఎలా పోతోందో ఆవిడ 1986లో రాశారు. ‘బిడ్డ మా వంశం, నువ్వు కావాలంటే పో’ అని కోడల్ని పుట్టింటికి పంపేసే అత్తింటివాళ్లు మన జిల్లాలో లేరా?

గిరాకీ వాదన 1980ల్లోనే వచ్చింది. లీలా దూబే 1983లోనే జవాబిచ్చారు: సంఖ్య తగ్గితే గౌరవం పెరగదు, ఎత్తుకుపోవడాలు, హింస పెరుగుతాయని. ఇవాళ హర్యానాలో పెళ్లికూతుళ్లు దొరక్క వేరే రాష్ట్రాల పేదింటి పిల్లల్ని డబ్బిచ్చి తెచ్చుకుంటున్నారు.

ఇక ‘పనే లేదు’ అన్న మాట. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ల ఆపరేషన్లు అర శాతం కూడా లేవు. వేసెక్టమీ చిన్న ఆపరేషన్, అదే రోజు ఇంటికి పోవచ్చు. అయినా రెండో కాన్పు కాగానే ‘వాడు బరువులు మోయాల, నువ్వే చేయించుకో’ అంటారు. కొన్నాళ్లకు ఆవిడే వంగి శెనక్కాయ చెట్లు పెరుకుతుంది, నెత్తిన గడ్డిమోపు మోస్తుంది. ఎవరి ఒళ్లు కోతకు పోవాలో ఇంట్లో తేల్చేది ఎవరు? శరీర రాజకీయాలంటే ఇదే.

గర్భసంచి సంగతి ఇంకా ఘోరం. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే మన రాష్ట్రంలో 8.9. ఆ వయసులో అంతమందికి ఎందుకు తీశారు, వేరే వైద్యం ఉందని ఎవరైనా చెప్పారా అన్నది ఇళ్లలోకి వెళ్లి, ఆడవాళ్ల పక్కన కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

మన జిల్లాల్లోనే జబ్బుపడ్డ ఆడపిల్లను మాతమ్మ అనే గ్రామదేవతకు వదిలి, ఆ దేవత పేరున తాళి కట్టే ఆచారం ఉంది. వాళ్లలో ఎక్కువమంది దళిత కుటుంబాల పిల్లలే. పెద్దయ్యాక ఆ పిల్ల ఒంటి మీద ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు హక్కు చూపిస్తారు. 1988లోనే నిషేధ చట్టం వచ్చినా ఇది పూర్తిగా ఆగలేదు. తిరుపతిలో 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, అందులో మహిళా అధ్యయనాల విభాగమూ ఉంది. ఈ పిల్లల గురించి అడిగే చదువు అనవసరం అనేవాళ్లు ఆ మాట మాతమ్మకు వదిలిన పిల్ల తల్లి ఎదుట నిలబడి చెప్పాలి.