యూదుల దగ్గర రెండో అవకాశం లేదా? ఎవరు చెప్పారండీ!

ఒకే ఫార్వర్డ్ ఈ వారంలో నాకు మూడుసార్లు వచ్చింది, ముగ్గురు వేర్వేరు మనుషుల నుంచి. అందులో ఉన్నది ఇది: యూదుల దేవుడు కోపిష్టి, కంటికి కన్ను పంటికి పన్ను అంతే, తప్పు చేసినవాడికి అక్కడ రెండో అవకాశం లేదు, కాకపోతే ఏడాదికి ఒక రోజు ఉపవాసం ఉంటే పాపాలన్నీ రద్దు. చివరి మాట ముందు మాటల్ని కొట్టేస్తోందని పంపినవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

ముందు కంటికి కన్ను సంగతి. వాళ్ళ ధర్మగ్రంథం తోరాలోని నిర్గమకాండం 21లో ఆ మాట ఉంది, కాదనను. కానీ దాన్ని వాళ్ళ పండితులు ఎలా చదివారో కూడా చూడాలిగా. వాళ్ళ చర్చల సంకలనమైన తల్ముద్‌లో బావా కమ్మా అనే భాగంలో దీని మీద బోలెడంత వాదన నడిచి చివరికి తేలిందేమిటంటే, కన్ను పోగొట్టినవాడు కన్ను ఇవ్వక్కర్లేదు, డబ్బు కట్టాలి. అదీ ఐదు పద్దుల కింద: జరిగిన నష్టం, పడ్డ నొప్పి, వైద్యం, పని పోయిన రోజులు, అవమానం. అవమానానికి కూడా లెక్క కట్టారు చూడండి! ఇంతా కట్టాక కూడా, స్వయంగా వెళ్ళి క్షమించమని అడిగేదాకా తప్పు మాఫీ కాదని తల్ముద్‌కి మూలమైన పాత న్యాయసంగ్రహం మిష్నా అంటుంది.

కోపిష్టి దేవుడంటారా, యోనా కథ చదవండి చాలు. నీనెవె నాశనమవుతుందని హెచ్చరించడానికి దేవుడు పంపిన ప్రవక్త యోనా. అది యూదుల ఊరు కూడా కాదు, అయినా ఆ జనం మారగానే దేవుడు వదిలేశాడు. ఆ కథలో అలిగి కూర్చున్నది దేవుడు కాదు, ప్రవక్త. దాన్ని యోమ్ కిప్పూర్ రోజు, అంటే ఆ ఫార్వర్డ్ చెప్పిన ఉపవాసం రోజు, మధ్యాహ్నం ప్రార్థనలో చదువుతారు.

ఇక రెండో అవకాశం లేదన్న మాట. నాకు బాగా ఒళ్ళు మండింది ఇక్కడే, ఎందుకంటే వాళ్ళ క్యాలెండర్‌లో దీనికంటూ ఒక రోజే ఉంది. సంఖ్యాకాండం 9లో కొందరు మోషే దగ్గరికి వస్తారు. శవాన్ని తాకిన మైల వల్ల పస్కా (ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడ్డందుకు చేసుకునే పండగ) బలి అర్పించలేకపోయారు, మేమెందుకు దూరమవ్వాలి అని నిలదీస్తారు. మోషే అప్పటికప్పుడు నియమం చెప్పలేదు, ఉండండి, దేవుణ్ణి అడుగుతానన్నాడు. వచ్చిన జవాబు: మైలపడ్డవాళ్ళూ దూరప్రయాణంలో ఉన్నవాళ్ళూ రెండో నెల 14న చేసుకోవచ్చు, సరిగ్గా నెల తర్వాత. దాని పేరు పెసహ్ షేని, అంటే రెండో పస్కా, ఇప్పటికీ ఆ రోజు పులియని రొట్టె తినేవాళ్ళున్నారు. అన్నీ కుదిరి కూడా బద్ధకించినవాడు మాత్రం తన జనంలోంచి కొట్టివేయబడాలి, అదీ అక్కడే రాసి ఉంది.

ఒక్క రోజు ఉపవాసంతో అన్నీ రద్దా? యోమ్ కిప్పూర్ గురించి మిష్నా మాట సూటిగా ఉంటుంది: దేవుడి విషయంలో చేసిన తప్పులకు ఆ రోజు ప్రాయశ్చిత్తం, తోటి మనిషికి చేసినవాటికి ఆ మనిషిని సమాధానపరిచేదాకా లేదు. పాపం చేస్తా, తర్వాత పశ్చాత్తాపపడతాలే అని ప్లాన్ వేసుకునేవాడికి ఆ అవకాశమే దొరకదట. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడిస్ ఇంకా వివరంగా రాశాడు: అవతలివాడు కాదంటే ముగ్గురు స్నేహితుల్ని వెంటబెట్టుకుని మూడుసార్లు వెళ్ళాలి, వాడు చనిపోయి ఉంటే పదిమందిని తీసుకుని సమాధి దగ్గరికి పోయి తప్పు ఒప్పుకోవాలి. ఇది చవకబేరమా?

అసలు మనం పశ్చాత్తాపం అంటాం, అందులో ఉన్నది తాపం, తర్వాత రగిలిపోవడం. వాళ్ళ మాట తెషువా, అంటే తిరిగి రావడం. తిరిగొచ్చేవాడికి దారి మూసుకుపోకూడదని చట్టాన్నే సడలించారు. ఒకడు దూలం దొంగిలించి ఇంట్లో కట్టేసుకున్నాడనుకోండి, ఇల్లంతా పీకి దూలం తిరిగివ్వాలన్నారు షమ్మాయి అనే పండితుడి వర్గంవాళ్ళు. ఇంకో పండితుడు హిల్లేలు వర్గంవాళ్ళు వద్దన్నారు, ఇల్లు కూలుతుందంటే ఏ దొంగ ఒప్పుకుంటాడని. దూలం ఖరీదు కడితే చాలన్నారు, అదే నిలిచింది. అలా మారినవాడితో నీ పాత పనులు గుర్తున్నాయా అని ఎత్తిపొడవడం కూడా నిషేధమే.

దేవుడిచ్చిన పది ఆజ్ఞల రాతిపలకల్ని మోషే పగలగొడితే, ఆ ముక్కల్ని కూడా పారేయలేదని తల్ముద్ చెబుతుంది. రెండోసారి చెక్కిన పలకల పక్కనే, అదే మందసంలో (పవిత్రమైన పెట్టెలో) పెట్టారట.