పెళ్లి గడియ

తెలుగులో గడియకు రెండు అర్థాలున్నాయి. పంతులుగారు పంచాంగంలో చూసి చెప్పేది ఒకటి, దాని నిడివి 24 నిమిషాలు. వడ్రంగి తలుపుకు బిగించేది రెండోది, దాని నిడివి జానెడు. మొదటి గడియ తప్పితే ఇంకో ముహూర్తం పెట్టుకోవచ్చు. రెండోది ఎటువైపు ఉందో చూసుకోకపోతే మాత్రం ఏ పంతులుగారూ ఏమీ చేయలేరు. 12వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులోని హంటింగ్డన్‌లో జరిగిన పెళ్లి (జరగని పెళ్లి అనాలేమో) ఇలాగే చెడింది.

పెళ్లికూతురి పేరు థియోడోరా. చరిత్రలో నిలిచింది ఆ తరవాతి పేరు, క్రిస్టినా. తండ్రి ఆటీ, తల్లి బియాట్రిక్స్. 1066లో నార్మన్లు వచ్చి దేశాన్ని ఊడ్చుకుపోయాక కూడా డబ్బూ పరపతీ నిలబెట్టుకున్న పాత ఆంగ్లో-శాక్సన్ కుటుంబాల్లో వీళ్లదొకటి. వెండి బంగారాల పెట్టెల తాళాలగుత్తి కూతురి దగ్గరే ఉండేదంటే ఆ పిల్ల ఎంత పనిమంతురాలో ఊహించుకోండి. ఆమె కథను లాటిన్‌లో రాసిపెట్టిన సెయింట్ ఆల్బన్స్ మఠం సన్యాసి పెద్దవాళ్ల పట్టుదలకు కారణం దాచలేదు. ఇంత తెలివిగల పిల్ల సంసారంలో పడితే తన ఇల్లే కాదు, చుట్టాల ఇళ్లు కూడా నిండుతాయని వాళ్ల ఆశ.

పిల్ల లెక్క వేరు. అమ్మానాన్నలతో సెయింట్ ఆల్బన్స్‌కు వెళ్లినప్పుడు అక్కడి తలుపు మీద గోటితో శిలువ గీసి, మనసు అక్కడే వదిలేసి వచ్చింది. మర్నాడు షిల్లింగ్టన్ చర్చిలో ఒక పెన్నీ కానుక వేసి, జన్మంతా కన్యగానే ఉంటానని మొక్కుకుంది. మొక్కు ఖర్చు ఒక్క పెన్నీ. దాన్ని చెరపడానికి తండ్రికైన ఖర్చులో ఒక బిషప్పుగారి లంచం కూడా ఉంది, ఆ సంగతి తరవాత.

ముందు ఇంకో బిషప్పు. డరమ్ బిషప్ రానుల్ఫ్ ఫ్లాంబార్డ్ సామాన్యుడు కాడు. 1100లో లండన్ టవర్‌లో ఖైదీగా పడ్డాడు. 1101 ఫిబ్రవరిలో ద్రాక్షసారా పాత్రలో దాచి తెప్పించుకున్న తాడు పట్టుకుని కిటికీలోంచి దిగి పారిపోయాడు. చేతితొడుగులు మరిచిపోవడంతో అరచేతులు ఒలుచుకుపోయాయనీ, తాడు నేలదాకా అందక కిందపడ్డాడనీ ఆ కాలపు చరిత్రకారుడు రాశాడు. క్రిస్టినా పిన్ని అల్వీవా ఈయన ఉంచుకున్న మనిషి, పిల్లలు కూడా ఉన్నారు. అందుకే హంటింగ్డన్ మీదుగా వెళ్లినప్పుడల్లా అక్కడ దిగేవాడు.

ఒక సాయంత్రం, పెద్దలంతా తాగిన మైకంలో ఉండగా, ఈ పెద్దమనిషి కూతురి వరసయ్యే క్రిస్టినాను తన గదికి రప్పించి చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. అరిస్తే వచ్చేవాడు లేడు, పెనుగులాడితే గెలిచేది లేదు. పిల్ల తలుపు వంక చూసింది. మూసి ఉంది కానీ గడియ పడలేదు. ఎవరైనా వస్తే బాగుండదు, గడియ వేసి వస్తానంది. బిషప్పు తెలివైనవాడు కదా, మోసం చేయనని ఒట్టు వేయమన్నాడు. తప్పకుండా గడియ వేస్తానని ఒట్టు వేసింది. ఒక్క అంగలో బయటికి దూకి, ఒట్టు అక్షరాలా నిలబెట్టుకుంది. గడియ పడింది, బయటివైపు.

లోపం ఎక్కడంటే, ఒట్టు వేయించుకున్నవాడు ‘లోపలినుంచి’ అన్న ఒక్క మాట చేర్చలేదు. కాగితం రాయించుకునేటప్పుడు కరణాలు ఎందుకంత చాదస్తంగా హద్దులు రాస్తారో ఇలాంటప్పుడే తెలుస్తుంది. టవర్ నుంచి తప్పించుకున్న మనిషి ఒక చిన్న ఊరి గదిలో బందీ అయ్యాడు, అదీ తాడు లేకుండా.

తరవాత ఆయన లండన్ నుంచి పట్టుబట్టలు తెచ్చి ఆశపెట్టాడు. పిల్ల తిప్పికొట్టింది. దాంతో పగబట్టి, నాకు దక్కని పిల్ల వ్రతం ఎలా నిలుస్తుందో చూస్తానని బర్త్రెడ్ అనే కలవారి కుర్రాణ్ణి ఉసిగొలిపి సంబంధం అడిగించాడు. బర్త్రెడ్ చెడ్డవాడేమీ కాదు. ఈ కథలో అతని తప్పల్లా ఎవరు ఏ గదిలోకి తోస్తే ఆ గదిలోకి వెళ్లడం.

ఏడాదిపాటు బతిమాలారు, బెదిరించారు, స్నేహితురాళ్ల చేత నూరిపోయించారు. చివరికి ఒకరోజు చర్చిలో అందరూ మీదపడేసరికి పిల్ల నోటినుంచి ఊ అన్నమాట జారింది. అది వినడం ఆలస్యం, నిశ్చితార్థం అయిపోయింది. బయటికి రాగానే, కాపురానికి మాత్రం రానంది.

ఇక్కడ కొంచెం ధర్మశాస్త్రం చెప్పుకోవాలి. లేకపోతే ఆ కుర్రాడు రాత్రిళ్లు అన్ని పాట్లు ఎందుకు పడ్డాడో అర్థం కాదు. నోటిమాటతోనే పెళ్లవుతుందా, కాపురం మొదలైతే కానీ కాదా అన్నది అప్పటికి చర్చిలో తేలలేదు. 1140 ప్రాంతంలో బొలోన్యాలో గ్రేషియన్ అనే పండితుడు, ఒప్పుకోలుతో పెళ్లి మొదలవుతుంది, కలయికతో పూర్తవుతుంది అని సర్దిచెప్పాడు. 1159 నుంచి 1181 దాకా పోపుగా ఉన్న మూడో అలెగ్జాండర్ హయాంలో లెక్క మళ్లీ మారింది. వర్తమానకాలంలో ‘చేసుకుంటున్నాను’ అంటే అక్కడికక్కడే పెళ్లి. భవిష్యత్తులో ‘చేసుకుంటాను’ అంటే కలయిక అయ్యేదాకా నిశ్చితార్థమే. ఆ తీర్పులు తెలుగులో చెప్పాల్సి వస్తే న్యాయాధిపతులు ఉద్యోగాలు మానుకునేవారు. ‘రోజూ కాఫీ తాగుతాను’కీ ‘రేపు తాగుతాను’కీ మనకున్నది ఒకటే క్రియ మరి. ఏమైతేనేం, ఆటీ దంపతులకు అర్థమైనది ఇంతే. ఒక్క రాత్రి గడిస్తే ఇక ఏ మఠమూ పిల్లను తీసుకోదు.

ముందు విందు ఎత్తు వేశారు. హంటింగ్డన్ వర్తక సంఘానికి పెద్ద పండగ ఒకటుంది. అందులో పైవస్త్రం తీయించి, చేతులు పైకి మడిపించి, పెద్దమనుషులకు పానపాత్రలు అందించే పని కూతురికి అప్పగించారు. అందరి పొగడ్తలూ, మధ్యమధ్య గుక్కెడు గుక్కెడు ద్రాక్షసారా కలిస్తే పిల్ల మెత్తబడుతుందని ఆలోచన. పిల్ల నాలుక పిడచకట్టుకుపోతున్నా పాత్రలు అందిస్తూనే ఉంది, దేవమాత గుడివైపు చూస్తూనే ఉంది. మెత్తబడింది అతిథులు.

ఇక రాత్రులు. మొదటి రాత్రి పిల్ల నిద్రలో ఉంటుందనుకుని పెళ్లికొడుకును గదిలోకి పంపారు. ఆమె మేలుకునే ఉంది, నిలువెల్లా బట్టలతో ఉంది. తమ్ముడు వచ్చినంత మర్యాదగా కూర్చోబెట్టి సెయింట్ సిసీలియా కథ మొదలుపెట్టింది. సిసీలియా తన భర్త వలేరియన్‌ను పెళ్లిరాత్రే ఒప్పించి బ్రహ్మచర్యానికి మళ్లించడం, దేవదూత ఇద్దరికీ పూలకిరీటాలు పెట్టడం. ఆ తరవాత బేరం కూడా పెట్టింది. జనం నవ్వకుండా ఒకే ఇంట్లో ఉందాం, మూడు నాలుగేళ్లయ్యాక చెరో మఠంలో చేరిపోదాం అని. రాత్రి చాలా భాగం గడిచిపోయింది. శోభనం గదిలోకి వెళ్లినవాడు హరికథ విని బయటికొచ్చాడు. బయట కాసుక్కూర్చున్నవాళ్లు చీవాట్లు పెట్టారని వేరే చెప్పాలా?

రెండో రాత్రికి జాగ్రత్త నేర్పి పంపారు. మాటల్లో పడకు, కావాలంటే మేం పక్కనే ఉంటాం అన్నారు. అడుగుల చప్పుడు విని పిల్ల మంచం దిగింది. ఆ కాలపు ఇళ్లలో చలికి గోడల మీద దళసరి తెరలు వేలాడదీసేవారు. గోడకూ తెరకూ మధ్య దూరి, గోడకున్న మేకును రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు నేలకు ఆనకుండా వేలాడింది. కాళ్లు నేలమీద పెడితే తెర అంచు కింద కనబడతాయి, అదీ ఇందులోని కిటుకు. పక్క ఖాళీగా ఉండటం చూసి బర్త్రెడ్ సైగ చేశాడు. దీపాలతో జనం వచ్చిపడ్డారు. మంచం కింద చూశారు, మూలలు చూశారు. ఒకడి చేతికి తెరమీదుగా ఆమె పాదమే దొరికింది! బట్ట మందం వల్ల అదేమిటో తెలియక వదిలేశాడు. నేతగాడెవరోగానీ పుణ్యాత్ముడు. ఆ మేకు కొట్టినవాడికి కూడా దణ్ణం పెట్టాలి. మనిషి బరువు అంతసేపు మోసింది ఆ మేకు, ఈ రోజుల్లో మేకులు కాలెండరుకే ఊడివస్తాయి.

మూడోసారి పగలో రాత్రో అని చూడకుండా ఒక గుమ్మంలోంచి వచ్చారు. పిల్ల రెండో గుమ్మంలోంచి పరుగెత్తింది. ఎదురుగా ఎవరూ ఎక్కకుండా పైన వాడి మొనలు పెట్టిన ఎత్తైన కంచె, వెనక పెళ్లికొడుకు. ఒక్క దూకు దూకి అటువైపు నిలబడి వెనక్కి చూసింది. అతను ఇటువైపే నిలబడిపోయాడు. దొంగలు రాకుండా డబ్బు పెట్టి కట్టించిన కంచె అల్లుణ్ణే ఆపింది.

పెళ్లి తేదీలు మళ్లీ మళ్లీ పెట్టారు. ఒకసారి సామగ్రి అంతా అగ్గిపాలైంది, ఆ వెంటనే పెళ్లికూతురికి జ్వరం. తేదీ దాటిపోతుందని జ్వరం దింపడానికి ఒకసారి చన్నీళ్లలో ముంచారు, ఇంకోసారి వాతలు పెట్టారు. అన్నీ నవ్వుకునే సంగతులు కావు. ఒక విందు మధ్యలో తల్లి ఆమెను పక్కకు లాక్కెళ్లి, జుట్టు పట్టుకుని చేతులు నొప్పిపెట్టేదాకా కొట్టి, అదే ఒంటితో అతిథుల ముందు నిలబెట్టింది. ఆ దెబ్బల గుర్తులు మాయలేదని రాశాడు సన్యాసి.

బలం పనిచేయక శాస్త్రం దారి పట్టారు. ఊరి మఠాధిపతి ఫ్రెడెబర్ట్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన, కన్యలే కాదమ్మా, ఎందరో సంసారులు కూడా తరిస్తారన్నాడు. సంసారులే తరిస్తే కన్యలు ఇంకా సులువుగా తరిస్తారు కదా అంది. ఇంకా పెద్ద సంబంధం కోసం ఈ కుర్రాణ్ణి కాదంటున్నావా అన్నాడు. అవునండీ, క్రీస్తు కంటే కలవాడెవరు అంది. మఠాధిపతి వాదన చాలించాడు.

లింకన్ బిషప్ రాబర్ట్ బ్లోయెట్ దగ్గరికి వెళ్తే ఆయన మొదట పిల్ల పక్షానే తీర్పు చెప్పాడు. ఆటీ ఇంటికొచ్చి కూతురి ముందు వాపోయాడు. ఇక నా మీద కూడా నువ్వే పెత్తనం చెయ్యి, బిషప్పుగారు నిన్ను ఆకాశానికెత్తేశారు, ఇష్టమొచ్చినట్టు ఉండు, నా దగ్గర్నుంచి మాత్రం ఏమీ ఆశించకు అని. ఓడిపోయిన తండ్రులందరూ ఇదే మాట అంటారు, భాష మారుతుందంతే. ఆ తరవాత డబ్బు చేతులు మారింది. బిషప్పుగారికి కొత్త ఆలోచనలు తోచాయి, తీర్పు తిరగబడింది.

ఇక పారిపోవడం ఒక్కటే మిగిలింది. ఎడ్విన్ అనే ఏకాంతవాసి గుర్రాలు, మనిషి ఏర్పాటు చేశాడు. క్రిస్టినా మగబట్టలు పొడుగాటి అంగీ కింద దాచుకుని బయలుదేరింది. దారిలో ఒక చొక్కా చెయ్యి కిందికి జారింది. వెంట ఉన్న చెల్లెలు మెటిల్డా అదేమిటని అడిగేసింది. ఇంత పథకమూ ఒక్క చొక్కా చేతిలో పోయేదే. క్రిస్టినా తడబడలేదు. నడకకు అడ్డొస్తోంది, ఇంటికి పట్టుకెళ్లు అని ఒక మేలిముసుగు అప్పగించి, దాంతోపాటు తాళాలగుత్తి కూడా ఇచ్చింది. నాన్న పెట్టె తీయాలనుకుంటే తాళాలు కనబడక కోప్పడతాడట! ఇల్లు వదిలి పారిపోయే పిల్ల స్టాకు అప్పగించి వెళ్లడం ఇంగ్లండు చరిత్రలో ఇంకెక్కడైనా ఉందేమో తెలిసినవాళ్లు చెప్పాలి. తరవాత గుర్రం మీద మగవాడిలా రెండువైపులా కాళ్లు వేసి కూర్చుని, 30 మైళ్లకు పైగా ఉన్న ఫ్లామ్‌స్టెడ్‌కు ఒక్క పగటిలో చేరింది.

అక్కడ ఆల్ఫ్‌వెన్ అనే ఏకాంతవాసి స్త్రీ క్రిస్టినాను దాచింది. వెతకడానికొచ్చినవాళ్లతో ఆమె, మొగుళ్లను వదిలి పారిపోయే పెళ్లాలకు మా ఇంట్లో చోటిచ్చే ఆచారం లేదని ముఖం చిట్లించింది. మొగుడే లేని పిల్ల లోపల కూర్చుని వింటోంది.

రెండేళ్లయ్యాక మార్క్యేట్‌లో రోజర్ అనే ముని కుటీరం పక్క గదిలోకి మారింది. గది వెడల్పు జానెడున్నర. చలికి రెండో బట్ట వేసుకుంటే పట్టదు, ఎండాకాలం గాలి ఆడదు. కూర్చునేది రాయి మీద. గుమ్మానికి రోజర్ తప్ప ఎవరూ, చివరికి ఆమె కూడా, కదపలేనంత బరువైన దుంగ అడ్డం. సాయంత్రం ఆయనొచ్చి తీస్తేనే బయటికి. నాలుగేళ్లు అలా గడిచాయి. బిషప్పును బంధించిన పిల్ల తన తలుపు తను తీసుకోలేకపోవడం చూస్తే, ఆ గడియకు లెక్క సరిపోయిందని ఫ్లాంబార్డ్ సంతోషించేవాడు. అదృష్టవశాత్తూ ఆయనకు చిరునామా తెలియదు.

చివరికి బర్త్రెడ్ తనంతట తనే ఇద్దరు అన్నదమ్ముల్ని వెంటబెట్టుకుని వచ్చి, ఈమె మీద నాకే హక్కూ లేదని చెప్పేశాడు. యార్క్ ఆర్చిబిషప్ థర్స్టన్ పెళ్లిని రద్దు చేసి, అతను ఇంకొకరిని చేసుకోవచ్చని అనుమతించాడు. పాపం, ఈసారైనా తెరల్లేని ఇంటి సంబంధం చూసుకుని ఉంటాడు.

1145లో మార్క్యేట్‌లో క్రిస్టినా అధిపతిగా స్త్రీల మఠం వెలిసింది. 1155లో సెయింట్ ఆల్బన్స్ మఠాధిపతి పోప్ నాలుగో ఏడ్రియన్‌కు కానుకలు మోసుకెళ్లాడు. వెండి బంగారాలు చాలావరకు తిప్పిపంపిన పోపు, క్రిస్టినా కుట్టిన మూడు బిషప్పు టోపీలూ ఒక జత చెప్పులూ మాత్రం పనితనానికి మెచ్చి ఉంచుకున్నాడు. పిల్ల పనిమంతురాలన్న ఆటీ అంచనా తప్పు కాదు, రాబడే వేరే ఖాతాలో పడింది.