గోడ మీది ఫిడేలు నాయుడుగారి బొమ్మకు

మహారాజశ్రీ గోడబొమ్మ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఈరోజు మధ్యాహ్నమంతా మీ ఎదుటే ఎండలో నిలబడ్డాను. “బొమ్మ సరిచేశాం, వచ్చి చూసుకోండి” అని కబురుపెట్టిన పెద్దమనుషులు పొద్దువాలాక వచ్చి, మీ మీది పరదా లాగారు.

కింద ‘ద్వారం వెంకటస్వామినాయుడు’ అని రాసి ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే, నిలబడి ఫిడేలును గడ్డం కింద నొక్కిపట్టిన తమరిని ఏ దొరల బ్యాండులోంచో తప్పిపోయి వచ్చారనుకునేవాణ్ణి. మన విద్వాంసుడు బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడండీ. ఫిడేలు తల కుడిపాదం మీద ఆనుతుంది, రెండో కొస ఎడమవైపు ఎదకు. వాద్యం బరువు అక్కడ దిగితేనే ఎడమచెయ్యి స్వరాన్ని ఊపే గమకాలకు హాయిగా జారుతుంది. తమరికా అవసరం లేదు లెండి, కుడిచేత్తో తీగల మీద ఆడించాల్సిన కమాను ఆ చేతిలోనే ఉంది! ఎవరి ఫొటోనో తిరగేసి పైన నాయుడుగారి తల అతికించారన్నమాట. తీగలు ఐదు. నాలుగు తీగల వాద్యానికి ఒకటి కొసరు.

బొమ్మను ఆవిష్కరించిన పెద్దమనిషి పేరు నాయుడుగారి పేరుకన్నా పెద్దగా ఉండటం, పంచె అంచు మీద కిళ్లీ మరకలు, మోకాలి మీద ట్యుటోరియల్ కాగితం... వీటి జోలికి పోను. ఫిడేలు మార్చమని అర్జీ పెట్టాను. దసరాకల్లా మారుస్తామన్నారు. దసరా వెళ్లింది, దీపావళీ వెళ్లింది. ఇవాళ చూస్తే ఫిడేలు అలాగే ఉంది, నల్ల కళ్లద్దాలు మాత్రం పోయాయి!

“అద్దాలతో ముఖం కళగా లేదు సార్” అట.

కళా? చిన్నప్పటి నుంచీ చూపు మందమైన మనిషాయన. విజయనగరం సంగీత కళాశాలలో శిష్యుడిగా చేరదామని వెళితే అప్పటి అధ్యక్షుడు, హరికథకుడు ఆదిభట్ల నారాయణదాసుగారు విని ఏకంగా ఆచార్యుణ్ణి చేశారని చెప్పుకుంటారు. 1936లో దానికే అధ్యక్షుడయ్యాడు. పక్కవాద్యమని చిన్నచూపు చూసిన ఫిడేలుతో ఒంటరిగా కచేరీ చేసి సభల్ని కట్టిపడేశాడు. ఇంతా చేసినవాడి ముఖంలో జనం గుర్తుపట్టే ఒకే ఒక్క ఆనవాలు ఆ నల్లద్దాలు. అవి తుడిచేసి, సినిమా హీరోకు పెట్టినట్టు ఇంతింత కళ్లు పెట్టారు. సిగ్గులేదూ? ఒక్క ఫొటో చూసి ఉంటే చాలదూ?

నీ మీద నాకు కోపం లేదు, బొమ్మా. నిన్ను గీసిన కుర్రాడి చెయ్యి మంచిదే, ఆ వేళ్లు చూస్తే తెలుస్తోంది. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆదివారం నిచ్చెన, నల్లరంగు డబ్బా తెస్తున్నాను. ముందు అద్దాలు పెడతాను. ఐదో తీగ సంగతి తరవాత. కేసు పెడతారా? పెట్టుకోమను.

ఇట్లు,
తమరిని చూసి చూసి మెడ పట్టేసినవాడు